మా పల్లెలు మీ ప్రాక్టికల్ క్లాసులు కావు



విదేశీ యూనివర్సిటీల నుంచి 'గ్లోబల్ హెల్త్' విద్యార్థులు ఫీల్డ్ ట్రైనింగ్ అని ఏజెన్సీకి వస్తుంటరు. కొన్ని వారాలుండి, ఫోటోలు దిగి, సర్టిఫికెట్ పట్టుకొని పోతరు. "సేవకు వస్తే వద్దంటారా?" అని మనోళ్లే అడుగుతున్నరు. వద్దంటలేం. ఎవర్ని అడిగి వస్తున్నరు, మాకేం మిగిల్చి పోతున్నరు అని అడుగుతున్నం.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 2009లో అమెరికా సంస్థ 'పాత్', ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేసిన్రు. విచారణలో తేలిందేమిటి? 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. 1,948 మీద వేలిముద్రలు. పిల్లల మరణాల మీద ఆందోళన లేచి, 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చనే విచారణ కమిటీ చెప్పింది. సరే, మా ప్రశ్న టీకా మీద కాదు, సంతకం మీద. అమ్మానాన్న బతికుండగా వార్డెన్ ఎట్ల సంతకం పెడతడు? 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

"అది పరిశోధన, ఇది చదువు కదా" అంటరు. పీహెచ్‌సీ బల్ల మీద పడుకున్న కోయ తల్లికి ఆ తేడా ఎవరు చెప్పిన్రు? తెల్లకోటు వేసుకుంటే ఆమెకు డాక్టరే. "డాక్టర్లు లేని చోట విద్యార్థి అయినా నయం" అనేది ఇంకో మాట. సొంత దేశంలో చేయనియ్యని పని ఇక్కడెట్ల చేయొచ్చు? డాక్టర్ల కొరతకు మందు పోస్టులు నింపుడే.

ఇట్లాంటి శిక్షణకు 2010లోనే అంతర్జాతీయంగా నీతి నియమాలు రాసుకున్నరు. లాభం రెండు పక్కలా ఉండాలె, ఖర్చు ఆతిథ్యమిచ్చేవాళ్ల మీద పడొద్దు అని వాటిలోనే ఉంది. అమలు చేయమంటున్నం, అంతే:

1. ముందు గ్రామసభను అడగాలె.
2. "నేను విద్యార్థిని" అని కోయ, గోండి భాషల్లో చెప్పాలె. వద్దంటే ఆగాలె.
3. దుబాసీ పని చేసే ఆశా వర్కర్‌కు ఆ రోజు కూలి కట్టియ్యాలె.
4. రాసుకున్నది ఊరికి తిరిగి వినిపించాలె.
5. వాళ్లు ఇక్కడికొచ్చినట్టే మన పిల్లలకూ అక్కడ సీట్లియ్యాలె.

ఇది మనకూ వర్తిస్తది. ఓయూ నుంచి సర్వే ఫారాలతో మాణికేశ్వర్ నగర్ గల్లీల్లోకి పోయినప్పుడు, ఆ గడపల ముందు మనమూ బయటోళ్లమే. అక్కడ అడగకుండా ఫోటో తీసినోడికి భద్రాచలం గురించి మాట్లాడే హక్కు లేదు.

నేర్చుకోండి. అడిగి నేర్చుకోండి.

జై ఆదివాసీ!