బాట ఎవరిది? టికెట్ ఎవరికి?

పట్నం నుంచి కార్లేసుకొని పిల్లలు నల్లమలకు వస్తున్నరు. భుజాన సంచి, కాళ్లకు బూట్లు. దీన్ని ట్రెక్కింగ్ అంటరట. మన్ననూర్‌లో దిగి సఫారీ బండెక్కడం, గైడు వెంట అడవిల నడవడం, రాత్రికి అక్కడే పండుకోవడం, ఇవన్నీ కలిపి అటవీశాఖ 2021లో ఒక ప్యాకేజీ కూడా పెట్టింది. రానీయండి. ఏడాదంతా నాలుగు గోడల మధ్య కూసున్నోళ్లు గాలి కోసం వస్తే మాకేం ఏడుపు లేదు.

మేం అడిగేది వేరే. ఆ బాటలు ఎవరు వేసిండ్రు?

ఏ కాంట్రాక్టరూ వెయ్యలేదు. తేనెకు పోయిన చెంచు కాళ్ల కింద పడ్డయి. గడ్డలు తవ్వబోయిన చెంచుతల్లి కాళ్ల కింద పడ్డయి. పెంట నుంచి పెంటకు, ఒర్రె నుంచి ఒర్రెకు తరతరాలుగా తిరిగితే పడ్డయి. రోడ్లు లేని కాలంలో శ్రీశైలం పోయే యాత్రికులను అడవి దాటించింది కూడా చెంచులే. 1983లో ఆ అడవి పులుల రిజర్వయింది. రాష్ట్రం విడిపోయినంక మన దిక్కు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పేరుతో వేరుపడ్డది. రెండువేల ఆరువందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పుడు అదే బాట మీద టికెట్ కొన్నవాడు నడిస్తే విహారం. గంప పట్టుకొని చెంచామె నడిస్తే జంగ్లాతోళ్లు ఏమంటరోనని భయం. కాళ్లు అవే, బాట అదే, న్యాయం మాత్రం రెండు తీర్లు!

"వాళ్లు ఎస్టీలు, మనం ఎస్సీలం. మక్తల్‌ల అడవే లేదు, మనకెందుకు ఆ లొల్లి?" అని మన మీటింగుల్లోనే కొందరు అడుగుతున్నరు. అడవి లేకపోవచ్చు. బాట గొడవ మనకు లేదా? చెప్పులు చేతిల పట్టుకొని దొర గడీ ముందర నడిచిన తాతలు మన ఇండ్లల్లో ఉన్నరు. మనకు దగ్గరి గుట్ట కురుమూర్తినే చూడండి. జాతరలో స్వామికి ఉద్దాలు, అంటే పాదుకలు, చేసేది వడ్డెమాన్ మాదిగలు. ఆ ఉద్దాలను నెత్తిన పెట్టుకొని ఊరేగిస్తరు. దేవునికి చెప్పులు చేసిన కులమే ఊరి నడివీధిలో తన చెప్పులు విప్పాల్సి వచ్చింది.

1924లో తిరువాన్కూరు సంస్థానంలోని వైకోంలో సత్యాగ్రహం జరిగింది. గుడి లోపలికి పోవడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్డు మీద నడవడానికి! రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్ల మాట ఊరికే రాయలేదు. 1989 అట్రాసిటీ చట్టం కూడా ఎస్సీ ఎస్టీల ఆనవాయితీ నడకహక్కును అడ్డుకోవడం నేరమన్నది. ఆ చట్టం పేరు చెప్పి వాడల మీటింగులు పెట్టే మనం, చెంచు పెంట దాకా వచ్చేసరికి నోరు మూసుకుంటే ఎట్ల?

పులి బతకాలె. అందులో మాకు పేచీ లేదు. పులికోసమే మన్ననూరు గేటు రాత్రి మూస్తున్నరంటే ఒప్పుకుంటం. కానీ పులి పేరు చెప్పి కుటుంబానికి 15 లక్షలిస్తం, అడవి దిగి పోండి అనుకుంట, ఇంకో దిక్కు యాత్రికులను పిలుచుడేంది? ఇంట్లోని మనిషిని బయటకు పంపి చుట్టానికి మంచమేసినట్టుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ తెలిసి, ఇష్టపడి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఎవ్వరినీ కదిలించరాదు. 2019లో యురేనియం సర్వే అన్నప్పుడు నల్లమల అంతా లేచింది, ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. అప్పుడు "సేవ్ నల్లమల" అన్న పట్నంవాళ్లు, సినిమావాళ్లు, పెంటలకు సామూహిక అటవీ హక్కుల పత్రాలు ఇయ్యమని కూడా గట్టిగా అడిగితే బాగుండు.

మన తప్పూ చెప్పుకోవాలె. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరకు పాలమూరు నుంచి వేలమంది పోతరు. ఆ లింగమయ్యకు పూజారులు చెంచులే. లోయలకు దిగే దాకా భక్తితోనే నడుస్తం, తిరిగొచ్చేటప్పుడు నీళ్ల సీసాలు, పలారం కవర్లు ఒర్రెలోనే పారేసి వస్తం. బాట చూపిన ముసలాయనను "ఏయ్ చెంచోడా" అని పిలిచిన మనోళ్లను మేం కండ్లారా చూసినం. మనల్ని ఊళ్లో పిలిచిన తీరే గదా అది? సిగ్గుపడ్డం.

అందుకే మేమంటున్నది: ఏ బాట మీదికి మందిని పంపాలె, ఏ బాట మూసిపెట్టాలె, ఆ పెంట గ్రామసభనే చెప్పాలె. టికెట్ పైసల లెక్క గ్రామసభలో చదివి వినిపించాలె. చెంచు పిలగాండ్లకు గైడు కొలువు ఇస్తే మంచిదే, కానీ కూలితోనే సరిపెడితే ఒప్పుకోవద్దు. బోర్డుల మీద రాళ్లకు, సెలయేళ్లకు చెంచులు పిలుచుకునే పేర్లే ఉండాలె.

వచ్చే సలేశ్వరానికి మక్తల్ నుంచి పోయేవాళ్లు ఒక్కో గోనెసంచి పట్టుకపోండి, చెత్త వెనక్కి తెద్దాం. జాతర అయినంక ఒక పూట ఆగి పెంట పెద్దలతో కూసుందాం. హక్కుల కాగితాలు ఎందరికి అందినయో, ఎందరికి అందలేదో అడిగి రాసుకొని వద్దాం. చార్జీలకు ఇప్పటినుంచే వాడకింత జమ చేయండి.