పేదబిడ్డకు తిండి యొక్కటియే చాలునా?

పలక పట్టిననాడే చదువు మొదలగునని మనవారి నమ్మకము. అంతవఱకు బిడ్డకు తిండియు నిద్రయు ఉన్న చాలునట! ఈ నమ్మకము ఎంత పాతదో అంత హానికరమని మేము నిర్మొగమాటముగ చెప్పుచున్నాము. శిశువు మెదడు తొలి మూడేండ్లలోనే మిక్కిలి వేగముగ పెరుగును. ఆ కాలమున బిడ్డతో పలుకువారు, ఆడువారు లేకున్నచో ఆ కొఱతను పిదప తీర్చుట కష్టము.

పేదయింట తల్లి ప్రొద్దు పొడవకమునుపే పనికి పోవును. ఎనిమిదేండ్ల అక్క చంకన చంటిబిడ్డ దినము గడపును. ఇది చూచి, “ఆ తల్లులకు శ్రద్ధ లేదు, చెప్పినను తెలియదు” అని కొందఱు పెద్దమనుష్యులు సులువుగ తీర్పు చెప్పుదురు. ఈ తీర్పును మేము అంగీకరింపము. అది తప్పని ఋజువైనది.

జమైకాద్వీపమున కింగ్‌స్టన్ నగరపు పేదవాడలలో 1986-87 సంవత్సరములందు సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అను వైద్యురాలును, ఆమె తోడివారును ఒక పరిశోధన నారంభించిరి. ఎదుగుదల కుంటువడిన 129 మంది పసివారిని నాలుగు జట్లు చేసిరి. ఒక జట్టునకు పాలపిండి, ఒకదానికి ఆటపాటలు, ఒకదానికి రెండును ఇచ్చిరి. నాల్గవదానికి రెండును లేవు. ఆటలు నేర్పినవారు పెద్ద పట్టములు పొందినవారు కారు, సామాన్యులైన ఆరోగ్యసేవికలు. వారమున కొకమాఱు, గంటసేపు, రెండేండ్లు ఇంటికి పోయి, ఇంట దొరకు వస్తువులతోడనే బొమ్మలు చేసి, బిడ్డతో ఎట్లు ఆడవలెనో తల్లికి చూపిరి. ఇరువదియేండ్ల పిమ్మట 105 మందిని వెదకి చూడగా, ఆటపాటలు నోచుకొన్నవారి సంపాదన నోచుకొననివారికంటె 25 శాతము హెచ్చుగ నుండెను. పాలపిండివలన అట్టి లాభము కనబడలేదు. 2014లో ఈ ఫలితము ప్రకటితమైనది. తక్కిన ఆఱుదినములును బిడ్డతో ఆడినదెవరు? శ్రద్ధలేదని మనము నిందించు ఆ పేదతల్లియే కదా!

అన్నము వలదని మా వాదము కాదు. ఆకలిగొన్న బిడ్డకు ఆట రుచించునా? అన్నముతో నిలిచిపోరాదనియే మా వాదము. మన దేశమున 1975 అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవలు మొదలై, అంగన్‌వాడీలు వెలసినవి. మేలే జరిగినది. కాని మూడేండ్లలోపు బిడ్డకు అచట ముఖ్యముగ దొరకునది తూకమును, ఇంటికిచ్చు ఆహారమును మాత్రమే. ఆ వయసువారి ఆటపాటలకై 2024లో కేంద్రప్రభుత్వము ‘నవచేతన’ను వెలువరించినది. కాగితమున నున్నది గుడిసెకు చేరవలెనన్న, కార్యకర్తకు లెక్కలపని తగ్గించి, ఇంటింటికి పోవు తీరికను, తగిన జీతమును ఈయవలదా?

పరిశోధకులకును ఒక మాట. బిడ్డ ఎత్తును బరువును వ్రాసికొనిపోయి, ఫలమేమో తల్లికి చెప్పకుండుట న్యాయము కాదు. ఏ వేళ ఆమెకు తీరిక, ఏ పాట ఆమెకు వచ్చును, బిడ్డ ఎవరి చంకన నుండును అని ముందుగ ఆమెనే అడుగవలెను. ఆమె పరిశోధనకు వస్తువు కాదు, భాగస్వామిని.

చదువరులారా! మన యింట అంట్లు తోమెడి తల్లి బిడ్డ ఈ గడియలో ఎవరితో మాటాడుచున్నది? ఆ తల్లికి జీతము తగ్గింపక దినమున కొకగంట విడిచిపెట్టుడు. సంస్కారము ఉపన్యాసములతో కాక, ఆ గంటతో మొదలగుగాక!