రెండు డిస్కులు ఉన్నా మూడవ ప్రతి కావాలి

మీరు ఒక సహకార సంఘం కార్యాలయంలో కంప్యూటర్ ఆపరేటరుగా పనిచేస్తున్నారనుకోండి. సభ్యుల పొదుపు లెక్కలన్నీ ఆ కంప్యూటరులోనే ఉన్నాయి. ఒక డిస్కు చెడిపోయినా లెక్కలు పోకుండా, ఒకే సమాచారాన్ని రెండు డిస్కులపై రాసే ఏర్పాటు అందులో ఉంది. దీనిని మిర్రరింగ్ లేదా రెయిడ్-1 అంటారు. 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ప్రచురించిన పరిశోధన పత్రంతో రెయిడ్ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది.

ఒకనాడు ఒక డిస్కు పనిచేయడం లేదని హెచ్చరిక వచ్చింది. అయినా లెక్కలు కనిపిస్తూనే ఉన్నాయి. అప్పుడు మీరేం చేస్తారు? పని జరుగుతోంది కదా అని ఊరుకోవడం పొరపాటు. కంగారుపడి చేతికందిన డిస్కును ఊడదీయడం అంతకంటే పెద్ద పొరపాటు. బాగున్న డిస్కునే తీసి చెరిపేస్తే ఇక మిగిలేది ఏమీ ఉండదు. ఇక్కడ నిదానమే ప్రధానం.

ముందుగా లెక్కలను వేరొక డిస్కులోకి నకలు తీయండి. ఆ నకలు తెరుచుకుంటుందో లేదో చూడండి. తరువాత చెడిన డిస్కు ఏదో దాని సీరియల్ నంబరును బట్టి గుర్తించండి. ఒక్కోసారి డిస్కు బాగానే ఉండి, తీగ మాత్రమే వదులై ఉంటుంది. కంప్యూటరును ఆపి అదీ చూడండి. ఆ తరువాతే, పాతదాని కంటే తక్కువ సామర్థ్యం లేని కొత్త డిస్కు అమర్చండి.

నకలు ముందే ఎందుకు? కొత్త డిస్కును నింపడానికి, మిగిలిన ఒక్క డిస్కును మొదటి నుండి చివరి వరకు చదవాలి. సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో చదివినా 1 టెరాబైటు డిస్కుకు దాదాపు 2 గంటలు పడుతుంది. రెండూ ఒకేసారి కొన్నవైతే రెండవదీ అంతే పాతది. అది మధ్యలో మొరాయించవచ్చు.

“రెండు ప్రతులుండగా మూడవదానికి ఖర్చెందుకు?” అని మీరు అడగవచ్చు. ముఖాన మసి ఉంటే అద్దంలోనూ మసే కనిపిస్తుంది. అలాగే మీరు పొరపాటున ఒక ఫైలును చెరిపితే అది రెండు డిస్కులలోనూ చెరిగిపోతుంది. వైరస్ పాడుచేసినా అంతే. మిర్రరింగ్ పని ఆగకుండా చూస్తుంది. పోయినదాన్ని తిరిగి తెచ్చేది విడిగా దాచిన ప్రతి మాత్రమే. కాబట్టి ఆ ఖర్చు వృథా కాదని నా అభిప్రాయం.

ఆ లెక్కలు సభ్యుల కష్టార్జితానికి సాక్ష్యం. వాటిని కాపాడడం మీ బాధ్యత.

ఆలోచించండి : మీరు పనిచేసే చోట లెక్కలకు విడిగా నకలు ఉందా? దానిని చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు?