మందు పుట్టించువారును, ప్రజకు జేర్చువారును

ఒక మందు పరిశోధనాలయమున బుట్టుట యొక కార్యము. అది పల్లెయందలి రోగి మంచముకడకు జేరుట వేఱొక కార్యము. మొదటిదానిని గొనియాడుటకు మనదేశమున సభలును, శాలువలును, బిరుదములును గలవు. రెండవదానిని గూర్చి యాలోచించువారు మిక్కిలి యరుదు. ఈ రెంటి నడుమ వంతెన గట్టువారెవరు? వారెట్టి చదువు చదివినవారు? ఎట్టి పనులలో నలిగినవారు? ఈ ప్రశ్న యల్పముగా దోచవచ్చును గాని, వేలకొలది ప్రాణములు దీనిమీద నాధారపడి యున్నవని మా నిశ్చితాభిప్రాయము.

మన జాతి పోగొట్టుకొన్న యొక మహానుభావునితో నారంభింతము. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మదరాసు వైద్యకళాశాలలో జదువునాడు ఖద్దరు ధరించిన నేరమునకు దొరల యాగ్రహమునకు బాత్రులై, యెం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె దక్కువదగు పట్టముతో దృప్తిపడవలసి వచ్చెను. 1923లో అమెరికా జేరి, హార్వర్డున ఫాస్ఫరసును గొలుచు పద్ధతిని ఫిస్కేగారితో గలిసి కనుగొనిరి. అంతటివారికి హార్వర్డు స్థిరమైన యాచార్యపదవి నొసగలేదు. 1940లో లెడర్లే యను మందుల కంపెనీలో బ్రవేశించి, యచ్చటి పరిశోధనకు నాయకులైరి. ఫోలికామ్లము, బోదకాలు వ్యాధికి డైఇథైల్ కార్బమజైను, 1948లో లోకమునకు దెలుపబడిన ఆరియోమైసిను, ఇవి యన్నియు వారి నాయకత్వమున వెలువడినవే. నేటికిని క్యాన్సరు చికిత్సలో వాడుచున్న మెథోట్రెక్సేటు మందునకును పునాది అక్కడనే పడెను.

ఇందు మనము గమనింపవలసిన విశేష మొకటి గలదు. సుబ్బారావుగారు వైద్యులు, మదరాసున ఆయుర్వేద కళాశాలలో బోధించినవారు, రసాయన పరిశోధకులు, తుదకు బరిశ్రమలో నాయకులు. ఇన్ని లోకములను జూచినవారు గనుకనే తమ చుట్టును జేర్చుకొనువారిని పట్టమునుబట్టి గాక పనినిబట్టి యెంచుకొనగలిగిరి. ఆరియోమైసినును గనుగొన్న డగ్గరు వైద్యుడు గాడు. డెబ్బదియేండ్లు దాటి, విశ్వవిద్యాలయోద్యోగమునుండి విరమించిన వృక్షశాస్త్రజ్ఞుడు. మన కార్యాలయములలో నట్టి వృద్ధునకు వయఃపరిమితి నిబంధనను జూపి తలుపు మూసియుందురు. ఆ వృద్ధుడే పొలము మట్టినుండి యొక దివ్యౌషధమును దీసి యిచ్చెను.

అమెరికా కథ మనకేల యందురేని, స్వదేశమునే చూతము. తిరువనంతపురమున శ్రీచిత్ర సంస్థ గలదు. గుండె కవాటము చెడినవారికి గృత్రిమ కవాటమును విదేశములనుండి తెప్పించుట పేదలకు దుస్సాధ్యముగా నున్న కాలమున, ఆ సంస్థకు నాయకులైన వలియత్తాన్‌గారు దానిని ఇచ్చటనే చేయ సంకల్పించిరి. వారు శస్త్రచికిత్సకులు. ఆసుపత్రి గోడలలోపలనే యంత్రశాస్త్రజ్ఞులను, లోహశాస్త్రజ్ఞులను గూర్చుండబెట్టిరి. మొదటి నమూనాలు విఫలములయ్యెను. ఐనను వైద్యుడును, ఇంజనీరును ఒకరి నొకరు నిందింపక, విఱిగిన భాగమును బల్లమీద నుంచుకొని కలిసి పరీక్షించిరి. 1990 డిసెంబరున మొదటి కవాటము మనుష్యుని గుండెలో నమర్పబడెను. తరువాత టి.టి.కె. సంస్థ దానిని తయారుచేసి విక్రయింప బూనుకొనెను. నేటికి లక్షకు పైబడి కవాటములు రోగుల గుండెలలో నమర్పబడినవి. ఆ సంస్థయే కనుగొన్న రక్తపు సంచిని వ్యాపారస్థాయికి దెచ్చినది, ఐ.ఏ.ఎస్. ఉద్యోగమును వదలివచ్చిన బాలగోపాల్‌గారు. ప్రభుత్వపు ఫైలు ఎట్లు నడచునో యెఱిగినవాడు ఫ్యాక్టరీ పెట్టిన, ఆ జ్ఞానము వృథా పోదు.

మన హైదరాబాదు కథయు నిట్టిదే. శాంతా బయోటెక్నిక్సును 1993లో స్థాపించిన వరప్రసాదరెడ్డిగారు వైద్యులు గారు, జీవశాస్త్రజ్ఞులు గారు, ఎలక్ట్రానిక్సు ఇంజనీరు. హెపటైటిస్-బి టీకా యొక్క మోతాదు వందలకొలది రూపాయలకు విదేశములనుండి వచ్చుచున్న దినములలో, 1997లో సుమారు 50 రూపాయలకు స్వదేశపు టీకాను దెచ్చిరి. తెలియని విద్యను దెలిసినవారిని వెదకి తెచ్చుట, వారికి బరిశోధనాలయమును సమకూర్చుట, ధనము నిచ్చువారిని విదేశమునందైనను బట్టుకొనుట, ఇదియే వారి పాండిత్యము. భారత్ బయోటెక్కును 1996లో నెలకొల్పిన కృష్ణ ఎల్లగారు వ్యవసాయశాస్త్రమున బట్టభద్రులు. క్షిపణి శాస్త్రజ్ఞులైన అబ్దుల్ కలాంగారు హృద్రోగవైద్యులు సోమరాజుగారితో గలిసి స్టెంటును రూపొందించిరి. క్షిపణులకై తయారుచేసిన తేలికపాటి పదార్థముతో, మూడుకిలోల బరువు కాలికట్లనీడ్చుకొనుచుండిన పోలియో బాలలకు సుమారు 300 గ్రాముల కాలికట్లను జేయించిన సంగతిని కలాంగారే పలుమాఱు చెప్పియున్నారు. నిమ్సు ఆసుపత్రి వైద్యుడొకడు క్షిపణిశాలకు బోయి ఆ పదార్థమును జేతబట్టి చూడకున్నచో, ఆ బాలలు బరువు మోయుచునే యుందురు.

ఈ కథలన్నిటిలో సామాన్యమైన సూత్రమేమి? వీరిలో నొకరికిని "వైద్యనూతన సృష్టి" యను పట్టము లేదు. ప్రతివాడును రెండు లోకములను దెలిసినవాడు, లేదా రెండవ లోకమును దెలిసినవానిని బక్కన గూర్చుండబెట్టుకొనిన వినయము గలవాడు. అంతియే గాని కనుగొనుటతోనే కార్యము ముగియదు. స్టెంటు స్వదేశమున బుట్టినను, స్టెంట్ల ధరలు సామాన్యునికి మోయరాని భారమై, 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వము గరిష్ఠధరను నిర్ణయింపవలసి వచ్చెను: మందు పూయనిదానికి 7,260 రూపాయలు, పూసినదానికి 29,600 రూపాయలు. శాంతా సంస్థయు 2009 నాటికి ఫ్రెంచి కంపెనీయైన సనోఫీ చేతులలోనికి బోయెను. పుట్టించుట యెంత ముఖ్యమో, ఎవరి చేతిలో నే నిబంధనలతో బెట్టుదుమనునది యంతే ముఖ్యము. ఇచ్చటనే న్యాయవాదుల మగు మాకు మాటాడు నధికారము గొంత గలదు.

కొన్ని సంవత్సరముల క్రింద ఒక ప్రభుత్వాసుపత్రి వైద్యుడు మాకడకు వచ్చెను. తక్కువ బరువుతో బుట్టిన శిశువులకై యొక చిన్న యుపకరణమును తన చేతులతో గావించినవాడు. దానిని గూర్చి విద్వత్సభలో వ్యాసము చదివి, అచ్చువేయించి, పదునెనిమిది మాసములైన పిమ్మట పేటెంటు మాట తలపునకు వచ్చెను. అట్టి వ్యాసమునకు మన చట్టమిచ్చు గడువు పన్నెండు మాసములే. ఆ సంగతి చెప్పుటకు వాని సంస్థలో నొక్కడైన లేడు. సరియే, పేటెంటు లేకున్న నేమి, ఉపకరణము ప్రజలకు జేరిన జాలును అనుకొన్నచో, అదియు గాలేదు. ఆ సంస్థ యొక్క "సాంకేతిక బదిలీ విభాగ"మున కధికారి, లెక్కల శాఖనుండి విరమించిన పెద్దమనిషి. ఆయన నిజాయితీని మేము శంకింపము. కాని ఆ యుపకరణపు నమూనాలను, నక్షాలను, చేయు విధానమును సమస్తమును ఒక కంపెనీకి పదియేండ్లు ఏకైకహక్కుగా వ్రాసియిచ్చు నొడంబడికపై ఆయన సంతకము జేసెను. ఇన్ని మాసములలో తయారుచేయవలెననుగాని, చేయనిచో హక్కు తిరిగి సంస్థకు వచ్చుననిగాని అందులో నొక్క వాక్యమైన లేదు. కంపెనీ దానిని బీరువాలో బెట్టి తాళము వేసెను. శిశువులకు గావించిన వస్తువు శిశువులకు జేరలేదు. ఇందు దొంగ యెవడును లేడు, తెలిసినవాడును లేడు. మన దేశమున నపారనష్టములు తఱచుగ నిట్లే జరుగుచున్నవి.

అజాగ్రత్త చిన్న సంస్థలకే పరిమితము గాదు. కోవాగ్జిన్ టీకాను భారత వైద్యపరిశోధన మండలియు, భారత్ బయోటెక్కును గలిసి తయారుచేసిన సంగతి లోకవిదితము. ప్రజాధనమును, ప్రభుత్వ శాస్త్రజ్ఞుల శ్రమయు నందు గలవు. ఐనను పేటెంటు దరఖాస్తులో మండలి పేరు లేకపోవుట 2024లో బయటపడెను. అది పొరపాటున జరిగినదని చెప్పి కంపెనీ మండలి పేరును జేర్చెను. పొరపాటే యని మేమును నమ్మెదము. కాని యంతటి దరఖాస్తును బ్రజలపక్షమున మొదటి దినమే చదివి చూచు కన్ను ప్రభుత్వము వైపున నుండవలసినదా, లేదా?

ఎఱిగినవాడు కూర్చున్నచో నేమగునో చూడుడు. 1970లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున లైసెన్సుల కార్యాలయమును స్థాపించిన నీల్సు రైమర్సు ఆచార్యుడు గాడు. పరిశ్రమలలో నొడంబడికల పనిచేసి వచ్చినవాడు. జన్యువులను గలుపు కోహెన్-బోయరు పద్ధతిని ఒక కంపెనీకే కట్టబెట్టక, కోరినవారి కెల్ల స్వల్పరుసుమునకు లైసెన్సులిచ్చెను. నాలుగువందలకు పైబడిన కంపెనీలు తీసికొనెను, విశ్వవిద్యాలయములకు ఇరువదియైదు కోట్ల డాలర్లకు పైగా వచ్చెను, విద్య వ్యాపించెను. మన దేశమునను ఎఱిగినవారు లేకపోలేదు. క్యాన్సరు మందైన సొరాఫెనిబునకు హైదరాబాదు నాట్కో కంపెనీ 2012లో నిర్బంధ లైసెన్సు సంపాదించినప్పుడు, నెలకు రెండులక్షల ఎనుబదివేల రూపాయలకు అమ్మబడుచున్న మందు 8,800 రూపాయలకు దిగెను. చట్టమందలి యా సెక్షను చిరకాలమునుండి పుస్తకములో నిద్రించుచుండెను. దానిని చదివి వాడగలవారు దొరకినప్పుడే యది మేల్కొనెను.

"వైద్యుడు వర్తకుడగునా? విద్యాలయము అంగడి యగునా?" యని కొందఱు పెద్దలు ప్రశ్నింతురు. ఆ భయము నిరాధారము గాదు. ఆసుపత్రి యధికారికి కంపెనీలో వాటా యుండి, అదే కంపెనీ సరుకును ఆ యాసుపత్రి కొన్నచో, రోగికి న్యాయము జరుగుననుట కల్ల. కాని యింటివారికి వర్తకము తెలియకున్నంతమాత్రమున వర్తకుడు గుమ్మము బయటనే నిలువడు. లోపలికి వచ్చి, తనకు వలసినది తీసికొనిపోవును. అజ్ఞానము పవిత్రత కాదు. మఱికొందఱు, అమెరికా 1980లో జేసిన బే-డోలు చట్టమువంటి చట్టమున్న జాలునందురు. మన రాజ్యసభలో 2008లో నట్టి బిల్లు ప్రవేశపెట్టబడి, చట్టము గాకయే పోయెను. దాని గుణదోషముల నెన్నుట వేఱొక దినపు పని. ఎట్టి చట్టమైనను, నడుపువాడు లేనిచో మగ్గము మీద నేతగాడు లేని నూలువంటిది.

కావున మా కోరికలు స్పష్టములు. ప్రజాధనముతో నడచు ప్రతి వైద్యపరిశోధన సంస్థయందును, సాంకేతిక బదిలీకి నాయకుడగువాడు వైద్యము, యంత్రవిద్య, న్యాయము, పరిశ్రమ యనువానిలో కనీసము రెంటియందు స్వయముగ బనిచేసినవాడై యుండవలయును. విరమించినవారికి గౌరవాసనముగా నా పదవిని గట్టబెట్టగూడదు. అచ్చట బనిచేయు న్యాయవాదియు, ఇంజనీరును సంవత్సరమున కొన్ని వారములు వార్డులలో దిరుగవలయును. మంచముప్రక్కన నిలువనివాడు వ్రాయు నొడంబడికలో రోగికి జోటుండదు. నాయకుల, ఉద్యోగుల పూర్వానుభవమును, కంపెనీలలో వారికి గల వాటాలును బహిరంగముగ బ్రకటింపబడవలయును. ఏకైకహక్కు నిచ్చునప్పుడెల్ల గడువులోపల తయారుచేయవలెనను షరతును, ప్రభుత్వాసుపత్రులకు న్యాయమైన ధరకు సరఫరా చేయవలెనను షరతును తప్పక యుండవలయును.

విశాఖపట్టణమున 2018 నాటికే వైద్యపరికరముల తయారీకై మెడ్‌టెక్ జోను వెలసినది. హైదరాబాదు శివారున జీనోం వ్యాలీ గలదు. భవనములు లేవని యిక నెవరును సాకు చెప్పజాలరు. కొఱతపడినది మనుష్యులు, వారిని సిద్ధపఱచు బాధ్యత మన కళాశాలలది. వైద్యవిద్యార్థికి బేటెంటు చట్టమును, న్యాయవిద్యార్థికి ఆసుపత్రి వాసనను, ఇంజనీరింగు విద్యార్థికి రోగి ముఖమును జూపుట కంత ధనము గావలెనా?

సుబ్బారావుగారిని మనమొకమాఱు పోగొట్టుకొంటిమి. నాడు మన రాజ్యము మనది గాదు. ఆ నింద పరపాలకులపై వేయవచ్చును. నేడు మఱియొక సుబ్బారావు ఏదో జిల్లా ఆసుపత్రి మూలగదిలో, తన యుపకరణమును జేతబట్టుకొని, ఎవరికి జూపవలయునో తెలియక కూర్చుండి యుండవచ్చును. అతడు తలుపు తట్టినప్పుడు తీయువాడెవడో, వానికేమి తెలియునో నిర్ణయించు భారము ఇప్పుడు మనదే. ఆ నిందయు మనదే యగును.