ఫ్లామెంకో నుంచి మనం తెచ్చుకోవలసినది

అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులు నేర్చి విదేశాలకు తరలిన పిల్లలు మా వీధిలో ఇంచుమించు ఇంటికొకరు ఉన్నారు. వారి తల్లిదండ్రులం ఏడాదికో రెండేళ్లకో అక్కడికి వెళ్లి, తిరిగివచ్చి, చూసిన వింతలు ఒకరికొకరం చెప్పుకుంటూ ఉంటాము. స్పెయిను చూసివచ్చిన వారి నోట తరచు వినవచ్చే మాట ఒకటి ఉన్నది: "ఫ్లామెంకో నాట్యం మనదేనండీ! ఇక్కడినుంచి వెళ్లిన జిప్సీలే వాళ్లకు నేర్పారు." ఇందులో సగం నిజం లేకపోలేదు. ఆ సగంతో తృప్తిపడి అసలు పాఠాన్ని అక్కడే వదిలి వస్తున్నామన్నదే నా బాధ.

ఆ సగమేదో ముందు చెబుతాను. జిప్సీల రోమానీ భాష నిస్సందేహంగా మన ఉత్తరాది భాషల కుటుంబంలోనిది. నీటిని 'పానీ' అంటారు, ముక్కును 'నఖ్' అంటారు, కంటిని 'యఖ్' అంటారు, మూడును 'త్రిన్' అంటారు. అక్షి, త్రీణి అని చదువుకున్న వారికి ఈ చుట్టరికం ఇట్టే తెలుస్తుంది. వీరు స్పెయిను చేరినది 15వ శతాబ్దిలో. 1425లో అరగాన్ రాజు వీరికి ఇచ్చిన అభయపత్రం ఉన్నది. 1499 నుంచి వీరిపై కఠిన శాసనాలు వచ్చాయి. 1749లో వేలాదిమందిని ఒక్కమారుగా చెరపట్టారు. అయితే ఫ్లామెంకో రూపుదిద్దుకున్నది 18, 19 శతాబ్దులలో, ఆందలూసియా నేలమీద. జిప్సీల గొంతు, అరబ్బుల పాలననాటి సంగీత సంస్కారం, ఆ ప్రాంతపు జానపదం అందులో కలిశాయి. కనుక మనకున్నది దూరపు బంధుత్వమే. దానిని పట్టుకొని ఆస్తిలో వాటా అడగరాదు.

మా అబ్బాయి వద్దకు వెళ్లినపుడు సెవియ్యా నగరంలో ఒక చిన్న ప్రదర్శన చూశాను. చెక్క వేదిక, నాలుగు కుర్చీలు. గాయకుడు ఒకరు, గిటారు వాయించేవారు ఒకరు, చప్పట్లతో తాళం వేసేవారు ఇద్దరు. నర్తకి వయసు యాభై దాటి ఉంటుంది. నాట్యం చూడబోయిన నాకు మొదట అర్థమైన సంగతి, అక్కడ పెద్దపీట పాటది అని. 'కాంతె' అనే గానం ముందు. 'తోకె' అనే గిటారు వాదనం (మన తోకకూ దీనికీ సంబంధం లేదు), 'బైలె' అనే నర్తనం దానిని ఆశ్రయించి ఉంటాయి. గాయకుడు ఒక చరణాన్ని సాగదీస్తే నర్తకి ఆగి వింటుంది. ఆమె మడమతో సంజ్ఞ చేస్తే గిటారు మలుపు తిరుగుతుంది. ఒకరి కన్ను ఒకరిని వీడదు.

తాళం కూడా పండితుని ఊరించేదే. సొలియా అనే రకంలో ఆవర్తానికి పన్నెండు మాత్రలు. ఊనిక 3, 6, 8, 10, 12 మీద పడుతుంది. అనగా మూడేసి మాత్రల గణాలు రెండు, రెండేసి మాత్రల గణాలు మూడు, ఊనిక గణాంతంలో. మాత్రాఛందస్సు చెప్పిన ఏ తెలుగు మాస్టారుకైనా ఇది వేళ్లమీద అందుతుంది. ప్రేక్షకులకూ అందుతున్నది. సరైన చోట 'ఓలే' అన్నారు. తప్పు చోట ఒక్కరూ అనలేదు. మన పద్యనాటకాలలో రాగం తీసిన నటునికి 'వన్స్ మోర్' కొట్టిన జనం నాకు జ్ఞాపకం వచ్చారు.

ఇక మన సంగతి. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెరమీద జడ వేసి ప్రవేశిస్తుంది. తన పేరు తానే చెప్పుకుంటుంది, పాడుతుంది, తాళం పట్టిన సూత్రధారితో వాదిస్తుంది. ఆంగికంతో సమానంగా వాచికం ఆ కళకు ప్రాణం. ఈనాడు అమీర్‌పేట, పంజాగుట్టల నడుమ సందుల్లో సాయంవేళ నడిస్తే అపార్టుమెంటు గదులనుంచి గజ్జెల చప్పుడు వినిపిస్తుంది, సంతోషమే. పాట మాత్రం ఫోనులోనుంచి వస్తుంది. అభ్యాసానికి అది తప్పదు. గురువుల సంపాదన అంతంతమాత్రం. డల్లాస్‌లో ఉన్న పిల్లకు రికార్డే గతి. ఇవన్నీ ఒప్పుకుంటాను.

రంగప్రవేశానికి కూడా అదే రికార్డు పెట్టడాన్ని ఒప్పుకోలేను. హాలుకు, పూలకు, వీడియోకు, విందుకు, అతిథుల శాలువలకు పైకం ఉంటుంది. గాయకుని వద్దకు, మృదంగం వద్దకు వచ్చేసరికి ఖర్చు గుర్తుకువస్తుంది. రికార్డుకు కన్నులు లేవు. పిల్ల తడబడితే అది ఆగదు, పిల్ల ఉప్పొంగితే తాను ఉప్పొంగదు. సంచారి భావాన్ని ఇంకొక్క ఆవృత్తి విస్తరించాలని నర్తకికి తోచినా వీలుపడదు. పైగా పాడేవారికి కచేరీలు లేకపోతే, పదేళ్ల తరువాత రికార్డు చేయడానికైనా ఎవరు మిగులుతారు?

ఫ్లామెంకో స్వచ్ఛంగా మడికట్టుకుని బతికిందని నేననను. యాత్రికుల డబ్బుమీద బతుకుతున్న కళ అది. వ్యాపారంలో పాట పలుచనవుతున్నదని వగచి ఫాయా, లోర్కా ప్రభృతులు 1922 జూన్‌లో గ్రనాడాలోని అల్‌హంబ్రాలో గానపోటీ నడిపారు. పేరుమోసిన వృత్తిగాయకులను పోటీకి రానీయలేదు. బహుమతి పొందినవారిలో ఒక వృద్ధుడు, పన్నెండేళ్ల మనోలో కరకోల్ ఉన్నారు. 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అదే ఏడు డిసెంబరులో మనమూ గచ్చిబౌలిలో వేలమందితో ఒకేమారు కూచిపూడి ఆడించి గిన్నిస్ పుస్తకానికి ఎక్కాము. ఆ సంఖ్య గొప్పదే. అయితే నాకు కావలసిన సంఖ్య చాలా చిన్నది: పిల్ల ఒకతె, పాడేవారొకరు, తాళం ఒకరు, మృదంగం ఒకరు. శాలువలు మానుకుంటే ఆ ముగ్గురి సంభావన వెళ్లిపోతుంది.

రంగప్రవేశం ఆహ్వానపత్రిక తెచ్చే ఇరుగుపొరుగు వారిని ఇకమీదట ఒకే మాట అడగదలచాను: "సంతోషమమ్మా, తప్పక వస్తాను. ఇంతకీ పాడేవారెవరు?"