పాఠశాలా మండలముల సరిహద్దులు - మనవారి వలసలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నివసించు తెలుగు కుటుంబములను ఎడతెగక వేధించుచున్న ప్రశ్న యొకటి కలదు. ఉన్న యింటనే యుండి ఉన్న బడికే బిడ్డలను పంపుటయా, లేక నాలుగు మైళ్ల దూరముననున్న పొరుగు మండలమున హెచ్చు వెలకు ఇల్లు కొని పేరుమోసిన బడిలో చేర్చుటయా యనునదే ఆ ప్రశ్న. పైకి చూడ నిది ఒక ఇంటి సంగతి. ఐనను ముప్పది యేండ్ల ఋణము, పసివారి స్నేహములు, ఆలుమగల ఉద్యోగములు, ఒక్కొక్కప్పుడు ఇచ్చటి తల్లిదండ్రులు కూడబెట్టిన సొమ్ము సైతము దీనితో ముడివడి యున్నవి. కావున దీనిని గూర్చి మా యభిప్రాయమును తెలుపుట ఉచితమని తలంచుచున్నాము.

అచ్చటి ప్రభుత్వ విద్యాపద్ధతి మన పద్ధతి వంటిది కాదు. దేశమంతయు సుమారు 13 వేల పాఠశాలా మండలములుగా విభజింపబడినది. మనవారు వీనినే స్కూలు డిస్ట్రిక్టులందురు. పెక్కింటికి ప్రజలెన్నుకొనిన పాలకసభ కలదు. పన్ను విధించు నధికారమును కలదు. బిడ్డ ఏ బడికి పోవలయునో సాధారణముగా ఇంటి చిరునామాయే నిర్ణయించును. బడిలో రుసుము లేదు. అంతమాత్రమున చదువు ఉచితమనుకొనుట పొరపాటు. రుసుము ఇంటి వెలలో దాగియున్నది. మసాచుసెట్సు రాష్ట్రమున బడుల సరిహద్దురేఖకు ఇరువైపుల నున్న ఇండ్ల వెలలను పోల్చి శాండ్రా బ్లాక్ అను ఆర్థికశాస్త్రజ్ఞురాలు 1999లో ఒక పరిశోధనను ప్రకటించెను. పరీక్షాఫలితములు నూటికి 5 వంతులు మిన్నగా నున్నచోట తల్లిదండ్రులు ఇంటికి నూటికి 2.5 వంతులు హెచ్చుగా చెల్లించుచున్నారని ఆమె తేల్చెను. వీధికి ఈవల నొక వెల, ఆవల నొక వెల!

ఈ రేఖ ఎంతటి భేదమును కల్పింపగలదో ఎరుగవలెనన్న టెక్సాసు రాష్ట్రమందలి సాన్ ఆంటోనియో నగర చరిత్రను చూడవలయును. ఆ నగరప్రాంతముననే ఎడ్జివుడ్డు, అలమో హైట్సు అను రెండు మండలములు కలవు. మొదటిది మెక్సికన్ సంతతివారగు బీదలది, రెండవది కలవారిది. 1967-68లో ఎడ్జివుడ్డు ప్రజలు తమ ఆస్తిలో ప్రతి 100 డాలర్ల విలువకు 1.05 డాలర్ల పన్ను చెల్లించియు విద్యార్థికి 26 డాలర్లు మాత్రమే కూర్చుకొనగలిగిరి. అలమో హైట్సు ప్రజలు 0.85 డాలరు చెల్లించి విద్యార్థికి 333 డాలర్లు కూర్చుకొనిరి. ఎక్కువ పన్ను కట్టినవారికి తక్కువ చదువు, తక్కువ కట్టినవారికి ఎక్కువ చదువు! దీనిని ప్రతిఘటించి డెమెట్రియో రోడ్రిగెజ్ అను రేకుపని కార్మికుడును, మరికొందరు తల్లిదండ్రులును 1968లో వ్యాజ్యము వేసిరి. 1973లో అమెరికా సుప్రీముకోర్టు అయిదుగురికి నలుగురుగా చీలి వారికి ప్రతికూలముగా తీర్పు చెప్పెను. విద్య రాజ్యాంగము హామీయిచ్చిన మౌలికమైన హక్కు కాదని ఆ తీర్పు సారాంశము. మరుసటి యేడు డెట్రాయిటు వ్యాజ్యమున, నల్లజాతి బాలురను వేరుచేసిన దోషము పొరుగు మండలములపై రుజువు కానిదే దిద్దుబాటు పేర వానిని కలుపరాదని అదే న్యాయస్థానము శాసించెను. ఈ రెండు తీర్పులతో సరిహద్దురేఖ గోడయైనది.

టెక్సాసు ప్రజలు అంతటితో ఊరకుండలేదు. ఎడ్జివుడ్డు మండలము రాష్ట్ర న్యాయస్థానములకెక్కెను. 1989లో టెక్సాసు సుప్రీముకోర్టు ఏకగ్రీవముగా ఆ ధనవితరణ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగ విరుద్ధమని చెప్పెను. 1993 నాటి చట్టము వలన సంపన్న మండలములు తమ పన్నులో కొంత భాగమును రాష్ట్రమునకు అప్పగింపవలసి వచ్చెను. కావున అచ్చట నేటి స్థితి 1968 నాటి స్థితి కాదు. డల్లాసు నగరమునకు ఉత్తరమున మనవారు విరివిగా నివసించు ప్లేనో, ఫ్రిస్కో ప్రాంతములలో ఒక మండలమునకు ధనములేదు, పక్కదానికి కలదు అను మాట చెల్లదు. మరి యా మండలముల నడుమ నున్న తేడా యెట్టిది?

ఆ తేడాలో హెచ్చుభాగము బడిలో బోధింపబడునది కాదు; బడికి వచ్చువారిది. జేమ్స్ కోల్మన్ నాయకత్వమున 1966లో వెలువడిన ప్రసిద్ధ నివేదిక నాటినుండి విద్యార్థుల మార్కులకును ఇంటి స్థితికిని గల సంబంధము బలమైనదని మరల మరల వెల్లడియగుచున్నది. చదువుకొనిన తల్లిదండ్రులు ఒకచోట గుమిగూడిన, అచ్చటి బడికి మంచి అంకె వచ్చును. ఆ అంకెను చూచి మరికొందరు అట్టివారే వత్తురు. అంకె మరింత పెరుగును; ఇంటి వెలయు పెరుగును. ఇందులో ఉపాధ్యాయుని కృషి యెంత, పొరుగువారి ఆదాయమెంత యని విడదీయువారు అరుదు. షాన్ రియర్డన్ అను పండితుడు 2017లో వెల్లడించిన సంగతి ఇచ్చట స్మరింపదగినది. చికాగో నగరపు ప్రభుత్వ పాఠశాలల మార్కులు దేశపు సగటు కంటె తక్కువ. ఐనను 2009-14 నడుమ అచ్చటి పిల్లలు 3వ తరగతి మొదలు 8వ తరగతి వరకు అయిదేండ్లలో ఆరేండ్ల చదువునకు సరిపడు అభివృద్ధిని సాధించిరి. మార్కులు చూచి బడిని వెలకట్టువాడు ఈ బడులను దాటిపోవును. పిల్లవాడు ఎచ్చట బయలుదేరెను, ఎంతదూరము నడచెను అని అడుగువాడే వానిని గుర్తింపగలడు. టెక్సాసు ప్రభుత్వము పాఠశాలలకిచ్చు శ్రేణులలో సాధన వేరుగను, అభివృద్ధి వేరుగను లెక్కింపబడుచున్నవి. రెండవ లెక్కను గూడ చూడుడని మా మొదటి మనవి.

ఇక పిల్లవాని వయస్సును గమనింపవలయును. 1994లో అయిదు మహానగరములలో కడు బీద పేటలయందలి కుటుంబములకు మంచి పేటలకు మారుటకై ప్రభుత్వము సాయము చేసెను. పదుమూడేండ్లలోపు మారిన పిల్లలు పెద్దవారైన పిదప నూటికి 31 వంతులు హెచ్చుగా ఆర్జించిరని 2016లో చెట్టీ, హెండ్రెన్, కాట్జ్ అను పండితులు చూపిరి. అంతకంటె పెద్దవయసున మారినవారికి అట్టి లాభము కానరాలేదు. కడు బీదరికమునుండి వెలువడినవారి అనుభవమును, ఒక సంపన్న మండలమునుండి మరియొక సంపన్న మండలమునకు పోవువారు తమకు యథాతథముగా అన్వయించుకొనరాదు. ఐనను పసితనమున నాటిన మొక్క వేరూనును, ఎదిగిన మొక్కను పెకలించి నాటుట కష్టమను పాఠము మాత్రము ఇందు కలదు. ఉన్నతపాఠశాలలో సగము చదివిన పిల్లను స్నేహితులనుండి వేరుచేసి కొనిపోవుటకు గొప్ప కారణమే యుండవలయును.

టెక్సాసులో మరియొక చిక్కు కలదు. 1997 నాటి చట్టము ననుసరించి ప్రతి ఉన్నతపాఠశాలలో మొదటి నూటికి పదివంతులలో నిలిచినవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ప్రవేశము నిశ్చితము. ఆస్టిను విశ్వవిద్యాలయము మాత్రము ఈ వంతును ఆరింటికి, 2026 ప్రవేశములకు అయిదింటికి తగ్గించినది. అనగా బిడ్డ పోటీపడునది రాష్ట్రమంతటితో కాదు, తన బడిలోని వారితోనే. పేరుమోసిన బడిని వెదకికొని పోయిన తండ్రి, తన బిడ్డ కంటె మార్కులకై ఎక్కువ శ్రమించు నాలుగువందలమంది నడుమ ఆ బిడ్డను నిలుపుచున్నాడు. పాత బడిలో మొదటి వరుసనుండెడి బాలిక క్రొత్త బడిలో నడిమి వరుసకు జారవచ్చును. ఇది వలస వలదనుటకు చాలిన కారణము కాదు; కాని ఇల్లు కొనుటకు ముందు ఆలోచింపవలసిన కారణము.

సరిహద్దురేఖలు శాశ్వతములనుకొనుటయు భ్రమయే. జనసంఖ్య మారినకొలది పాలకసభలు ఏ వీధి ఏ బడికి చెందవలయునో తిరిగి నిర్ణయించుచుండును. ఒక కాలమున వేగముగ పెరిగిన ప్లేనో మండలము విద్యార్థుల సంఖ్య తగ్గుటచే నాలుగు పాఠశాలలను మూసివేయుటకు 2024లో తీర్మానించెను. ఊరి పేరును మండలము పేరును ఒకటి కావు. ఫ్రిస్కో ఊరిలో నున్న ఇండ్లన్నియు ఫ్రిస్కో మండలమునకు చెందవు. ఒక బడిని నమ్మి ముప్పది యేండ్ల ఋణము తలకెత్తుకొనువారు ఈ సంగతులను మండల కార్యాలయముననే విచారింపవలయును గాని ఇండ్లమ్మువారి మాటపై ఆధారపడరాదు. మనవారిలో పెక్కుమంది వీసాపై నున్నవారు. ఉద్యోగము పోయినచో క్రొత్త ఉద్యోగమును వెదకికొనుటకు వారికి 60 దినములకు మించి గడువు లేదు. స్థిరనివాసపు అనుమతికై ఏండ్లకొలది వేచియుండువారు తమ శక్తికి మించిన ఇంటిని కొనిన, ఆ బరువు వలన కలుగు దిగులు బిడ్డపైననే పడును. అప్పుల దిగులు నిండిన ఇంటిలోని చదువు ఏ మండలపు అంకెకును అందదు.

ఐనచో ఎవ్వరును మారరాదా? అట్లనుట మా యుద్దేశము కాదు. బిడ్డకు ప్రత్యేక శిక్షణ యవసరమై ఆ బడిలో దానికి తగిన ఉపాధ్యాయులు లేనప్పుడు, బిడ్డ భయముతో బడికి పోవుచుండ ఫిర్యాదు చేసినను ఫలము లేనప్పుడు, బిడ్డ కోరిన గణితముగాని సంగీతముగాని అచ్చట లేనప్పుడు మారుట తల్లిదండ్రుల ధర్మము. ఇవి బిడ్డకు సంబంధించిన కారణములు. పేరు, అంకె, నలుగురు పోవుచున్నారను మాట బిడ్డకు సంబంధించినవి కావు. మారదలచినవారు ముందుగా రెండు బడులకును స్వయముగా పోయి తరగతులు చూడవలయును. ఉపాధ్యాయులు ఎంతకాలము నిలుచుచున్నారో అడుగవలయును. ఇల్లు మారకయే పొరుగు మండలమున చేర్చు నవకాశము కలదేమో విచారింపవలయును; కొన్ని మండలములు బయటివారిని చేర్చుకొనును. సాధ్యమైన ఒక యేడు అద్దెకుండి చూచుట మంచిది. అన్నిటికంటె ముందు బిడ్డను అడుగవలయును.

ఉండిపోవ నిశ్చయించుకొనినవారికిని కర్తవ్యము కలదు. పాలకసభ ఎన్నికలలో ఓటు పౌరులకే చెందినను, ఆ సభలయందు నిలిచి మాటాడుటకు తల్లిదండ్రులందరికిని అవకాశము కలదు. ఆ సభలు మూయదలచిన బడిని గూర్చియు, తీసివేయదలచిన ఉపాధ్యాయుని గూర్చియు మనవారు నోరు విప్పవలయును. బడి బాగులేదని ప్రతి సమర్థుడును వెడలిపోయిన, అది బాగుపడుటెట్లు? మన గ్రామములలోని ప్రభుత్వ పాఠశాలలకు పట్టిన గతి మనకు తెలియనిది కాదు. మాటాడగలవారి బిడ్డలు ప్రైవేటు బడులకు పోయినంతనే అచ్చటి లోపములను ప్రశ్నించువారు కరవైరి. పోయినవారికి రుసుముల బరువు మిగిలెను. ఉన్నవారికి పాడుబడిన బడి మిగిలెను.

ఎడ్జివుడ్డు తల్లిదండ్రులకు అలమో హైట్సులో ఇల్లు కొను శక్తి లేకుండెను. వారు రేఖను దాటలేక ఆ రేఖనే ప్రశ్నించిరి. ఇరువదియొక్క సంవత్సరముల పోరాటమునకు పిదప తమ రాష్ట్రమున గెలిచిరి. రేఖను దాటగల శక్తి మనవారికి కలదు. ఆ శక్తిని బిడ్డ మేలునకు వినియోగించిన తప్పు లేదు. పొరుగువారి సంపదనే విద్యయని భ్రమించి వినియోగించిన మాత్రము ఋణము మిగులును, విద్య మిగులదు. అంకెను గాక బిడ్డను చూచి, తొందరపడక నిర్ణయించుకొందురని ఆశించుచున్నాము.