గట్టుమీద కొడవలి నూరితే...

పొలం తగాదా వున్న ఇద్దరు దాయాదుల్లో ఒకడు సరిగ్గా గట్టుమీద చేరి కొడవలి నూరుతున్నాడనుకోండి. “నా కొడవలి, నా పొలం, రేపు నా వరికోత. నీకేమిటి?” అంటాడు. నిజమే కావచ్చు. కాని రెండోవాడు ఇంటికిపోయి గండ్రగొడ్డలి తెచ్చుకుంటాడా, మానుతాడా?

1986 చివర మనవాళ్లు రాజస్థాన్ ఎడారిలో మొదలుపెట్టిన ‘బ్రాస్‌టాక్స్’ సైనిక విన్యాసాలు అచ్చంగా ఇలాగే నడిచాయి. అప్పటి సేనాధిపతి జనరల్ సుందర్జీ. టాంకులు, ఫిరంగులు, వాటివెంట లక్షలాది జవాన్లు! అంత భారీ విన్యాసం మనదేశం అంతకు ముందు చేసి ఎరగదు. సైన్యమన్నాక సాధన వుండాలి, కాదనను. అదీగాక జరిగినదంతా మన గడ్డమీదే. అయితే ఆ ఇసుక తిన్నెల కవతల వున్నది సింధ్ రాష్ట్రం. కరాచీనుంచి లాహోరు పోయే రైలుమార్గం అక్కడ సరిహద్దుకు ఎంతో దూరంలో లేదు. అది తెగితే పాకిస్తాన్ రెండు ముక్కలే. ఆ దేశపు సేనానులకు కంటిమీద కునుకెలా పడుతుంది?

నవంబరులో సార్క్ సభకోసం బెంగుళూరు వచ్చిన పాక్ ప్రధాని జునేజో ఈ సంగతి రాజీవ్ గాంధీ చెవిన వేశారు. అయినా అనుమానం తీరలేదు. పాకిస్తాన్ తన శీతకాలపు విన్యాసాలు ముగిశాక కూడా దళాలను వెనక్కు పంపలేదు సరిగదా, మన పంజాబ్‌కు ఎదురుగా జరిపింది. ఆ రోజుల్లో పంజాబ్ ఉగ్రవాదంతో ఉడికిపోతున్నది. ఇక కునుకు పట్టకపోవడం ఢిల్లీ వంతు! 1987 జనవరి 23న మన సేనలకు హెచ్చరికలు వెళ్లాయి. జవాన్లను విమానాల్లో సరిహద్దుకు తరలించారు.

సుందర్జీ మనసులో వున్నది వట్టి సాధన కాదని వాదించేవాళ్లు ఇప్పటికీ వున్నారు. నన్నడిగితే ఆ వాదమే అనవసరం. అవతలివాడికి కనిపించేది మనసు కాదుగదా, టాంకు! విన్యాసానికి పోయే టాంకూ, దండయాత్రకు పోయే టాంకూ ఒక్కలాగే దుమ్ము లేపుతాయి.

అదృష్టవశాత్తూ మాటలు మొదలైనాయి. ఫిబ్రవరి 4న ఢిల్లీలో దళాలను వెనక్కు తీసుకోవడానికి ఒప్పందం కుదిరింది. ఆ నెలలోనే జనరల్ జియా జయపూరులో క్రికెట్ చూడడానికి దిగారు. పిలవని పేరంటమే అనుకోండి, ఫలితం మంచిదే! ఆ టెస్టులో ఇమ్రాన్ ఖాన్ వేసిన తొలి బంతికే గవాస్కర్ ఔటయ్యాడు. సరిహద్దులో తగలవలసిన దెబ్బ అక్కడ తగిలిందని సరిపెట్టుకున్నాం.

నాకు మనసు చివుక్కుమనేది మరొక సంగతికి. సరిగ్గా అంతకు రెండు నెలల ముందే, 1986 సెప్టెంబరులో, అమెరికా, రష్యాలతో సహా 35 దేశాలు స్టాక్‌హోంలో ఒక కట్టడి చేసుకున్నాయి. 13,000 మంది సైనికులకు మించిన విన్యాసమైతే 42 రోజుల ముందు తెలపాలి. 17,000 దాటితే అవతలివాళ్లను పిలిచి చూపించాలి. బద్ధశత్రువులే చుట్టాలను పిలిచినట్టు పిలుచుకుంటుంటే, ఒకే ఇంటినుంచి వేరుపడ్డ మనకు ఆ ఊహ రాలేదు.

వచ్చింది లెండి, 1991 ఏప్రిల్ 6న. పెద్ద విన్యాసాలు ముందుగా తెలుపుకోవాలని రెండు దేశాలూ సంతకాలు చేశాయి. అందులోనే ఒక చిన్న షరతు: సరిహద్దుకు చేరువలో విన్యాసం చేయవలసివస్తే, ప్రధానసేన ముఖం అవతలివైపుకు వుండకూడదు. ఈ ఒక్క మాట కాగితంమీదికి రావడానికి నాలుగేళ్లు పట్టింది.